స్థిరంగా లేని స్థిరాంకం

కోడు రాసేవాళ్ళకి ఓ అలవాటుంటుంది. మారదు అని గట్టి నమ్మకం ఉన్న విలువని ఫైలు మొదట్లో ఓ లైనులో పెట్టేసి, దానికో పేరు తగిలించి, ఇహ జన్మలో దాని జోలికి పోరు. పై విలువ, కాంతి వేగం, వారానికి ఏడు రోజులు.. ఇలాంటివన్నమాట. మనలో చాలామంది బుర్రల్లో సూర్యుడు కూడా ఆ లైన్లలోనే ఉన్నాడు. తూర్పున వస్తాడు, పడమట పోతాడు, గ్రహాల్ని తన చుట్టూ తిప్పుకుంటాడు, ఎండ కాస్తాడు. అంతే. పైగా మన పాఠ్యపుస్తకాల్లో ఆ ఎండకి పెట్టిన పేరే "సౌర స్థిరాంకం". భూమి దూరంలో, గాలి పొరల పైన, చదరపు మీటరుకి 1361 వాట్లు. పరీక్షలో ఆ అంకె రాస్తే ఓ మార్కు.

ఆ అంకె తప్పని నేననడం లేదు. పదకొండేళ్ళకోసారి వచ్చే సూర్యుడి ఆటుపోట్లలో ఈ మొత్తం మారేది వెయ్యిలో ఒక వంతు. మీ మేడమీద సోలార్ ప్యానెల్ పెట్టుకుని కరెంటు బిల్లు లెక్కేసుకోవడానికి స్థిరాంకం అనుకున్నా ఫర్లేదు. కానీ సూర్యుడి చుట్టూ తిరిగే వాటికి, వాటి చుట్టూ మనం తిప్పే వాటికి, ఏం జరుగుతుందన్నది తేల్చేది ఆ మొత్తం కాదు. ఆ వెయ్యిలో ఒకటో వంతు. ఇది మనవాళ్ళకి ఎవరూ సరిగ్గా చెప్పలేదని నా ఫిర్యాదు.

స్కైలాబ్ సంగతే తీసుకోండి. మన పక్క పెద్దవాళ్ళెవర్నడిగినా కథలు కథలుగా చెప్తారు. 1979లో ఆకాశం నుంచి అదేదో ఊడిపడుతుందని, అందరూ పోతామని, ఉన్న కోళ్ళూ మేకలూ కోసుకు తినేశారని, అప్పులు ఎగ్గొట్టారని, కొందరు అప్పులు తీర్చేశారని (ఈ రెండో రకం వాళ్ళు తర్వాత ఎంత ఏడ్చారో!). 2021లో ఆ పేరుతోనే తెలుగులో ఓ సినిమా కూడా వచ్చింది. అది 1979 జులై 11న హిందూ మహాసముద్రంలోనూ, పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఎస్పరెన్స్ అనే ఊరి చుట్టుపక్కలా పడింది. చెత్త పారబోసినందుకు ఆ ఊరివాళ్ళు నాసాకి సరదాగా 400 డాలర్ల జరిమానా కూడా రాశారు. ఇదంతా అందరికీ గుర్తుంది. సరే, మరి అది ఎందుకు పడింది? ఈ ప్రశ్నకి జవాబు నేనడిగిన వాళ్ళలో ఒక్కరు కూడా చెప్పలేదు. "పాతబడిపోయి పడింది" అన్నారు. "పెట్రోలు అయిపోయింది" అన్నారొకరు.

పడేసింది సూర్యుడు.

77 టన్నుల ఆ కొంపని 1973 మేలో దాదాపు 430 కిలోమీటర్ల ఎత్తుకి పంపారు. ఆఖరి వ్యోమగాములు 1974 ఫిబ్రవరిలో దిగొచ్చేశారు. ఎలాగూ 1980ల మొదటి ఏళ్ళదాకా అక్కడే ఉంటుంది, ఈలోగా స్పేస్ షటిల్ తయారవుతుంది, దాంతో వెళ్ళి పైకి నెడదాం అనుకున్నారు. రెండు షెడ్యూళ్ళూ తప్పాయి. షటిల్ మొదటిసారి ఎగిరింది 1981 ఏప్రిల్లో (ప్రాజెక్టులు లేటవడం మన ఒక్కళ్ళ సొత్తు కాదు). సూర్యుడేమో అనుకున్నదానికంటే చురుగ్గా తయారయ్యాడు. అలా జరగబోతోందని అమెరికా వాతావరణ సంస్థ నోవా శాస్త్రవేత్తలు ముందే హెచ్చరించారు కూడా.

సూర్యుడు చురుగ్గా ఉంటే 430 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న వస్తువు ఎందుకు పడాలి? ఇక్కడే అసలు తమాషా ఉంది. మనకి కనిపించే వెలుతురు పెద్దగా మారదని చెప్పాను కదా. కానీ కంటికి కనబడని పొట్టి తరంగాలున్నాయి, అతినీలలోహితంలో ఆ చివరివీ, ఎక్స్ కిరణాలూ. మొత్తం శక్తిలో వీటి వాటా లెక్కలోకే రానంత చిన్నది. కానీ సూర్యుడి మచ్చలు పెరిగినప్పుడు ఇవి కొన్ని రెట్లు పెరుగుతాయి. ఎక్స్ కిరణాలైతే పదుల రెట్లు. ఇవి నేలదాకా రావు. వంద కిలోమీటర్ల పైనుండే పల్చటి గాలి వాటిని పూర్తిగా మింగేస్తుంది. మింగి వేడెక్కుతుంది. వేడెక్కి పొంగుతుంది. పొయ్యిమీద పాలలాగే: గిన్నెలో పాలు ఎక్కువవ్వవు, కానీ అంచుదాకా వస్తాయి. అలా కింద ఉండాల్సిన గాలి పైకొచ్చి, 400 కిలోమీటర్ల దగ్గర సాంద్రత సూర్యుడు నిద్రపోయే రోజులతో పోలిస్తే పదింతల దాకా పెరుగుతుంది. గాలి అంటే మనం పీల్చే గాలిలాంటిది కాదు లెండి, అక్కడ మామూలు మనిషికి అది శూన్యమే. కానీ సెకనుకి ఏడున్నర కిలోమీటర్లకి పైగా వేగంతో పోయేవాడికి ఆ శూన్యమే ఎదురుగాలి.

అంటే స్కైలాబ్‌ని కిందకి లాగిన గొలుసులో ఒక కొస సూర్యుడి మచ్చలో ఉంది, ఇంకో కొస మన ఊళ్ళో కోసిన కోడి మెడ మీద ఉంది. ఇంత చక్కటి పాఠం చేతికందితే మనం భయాన్ని మాత్రం గుర్తుపెట్టుకుని కారణాన్ని వదిలేశాం. ఆ తర్వాత ఏడు నెలలకే, 1980 ఫిబ్రవరి 16న, సంపూర్ణ సూర్యగ్రహణం సరిగ్గా మన నేలమీదుగా వెళ్ళింది. హైదరాబాదు దగ్గర రంగాపూర్‌లో ఉస్మానియా వాళ్ళ పరిశీలనాలయానికి శాస్త్రవేత్తలు కట్టకట్టుకుని వచ్చారు. మన జనం తలుపులేసుకుని ఇంట్లో కూచున్నారు.

పోనీ అదంతా పాతకాలం అందామా? ఇప్పుడు సూర్యుడి మూడ్ ఎలా ఉండబోతోందో చెప్పగలుగుతున్నామా? 2019లో నాసా, నోవా కలిసి కూర్చోబెట్టిన నిపుణుల బృందం ఇప్పటి 25వ ఆవర్తనం ఎలా ఉంటుందో అంచనా వేసింది: 2025 జులై ప్రాంతంలో శిఖరం, మచ్చల సంఖ్య 115 దగ్గర, అంటే అంతకుముందు దానిలాగే నీరసంగా. జరిగింది? 2024 అక్టోబరుకే శిఖరం వచ్చేసింది, సంఖ్య 160 దాకా పోయింది. వాళ్ళని వెక్కిరించడానికి చెప్పట్లేదు. సూర్యుడి లోపల అయస్కాంత క్షేత్రం ఎలా మెలిపడుతుందో, ఎలా పైకి తేలుతుందో మనకి బొమ్మ గీసి చూపించేంత తెలుసు, తేదీ వేసి చెప్పేంత తెలీదు. స్కైలాబ్ నాటికీ నేటికీ కంప్యూటర్లు ఎక్కడికో పోయాయి. ఈ ఒక్క అంచనా మాత్రం ఇప్పటికీ నలభై శాతం తేడాతో తప్పుతోంది.

ఇంకో ముచ్చట చెప్తాను, ఇది మన వృత్తివాళ్ళకి బాగా నచ్చుతుంది. పైన గాలిని వేడెక్కించే ఆ పొట్టి తరంగాల్ని నేలమీంచి కొలవలేం కదా. అంచేత చాలాకాలంగా వాడుతున్నది వాటి బదులు ఇంకోటి: 10.7 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర సూర్యుడి నుంచి వచ్చే రేడియో రొద. దీన్ని ముద్దుగా ఎఫ్ 10.7 అంటారు. కెనడాలో 1947 నుంచీ రోజూ కొలుస్తున్నారు. ఆ రేడియో తరంగాలు ఉపగ్రహాన్ని ఏమీ చెయ్యవు, గాలినీ వేడెక్కించవు. కేవలం అసలు దోషితో పాటు పెరుగుతాయి, తగ్గుతాయి, అంతే. సర్వర్ ఎంత బిజీగా ఉందో తెలుసుకోవడానికి ఫ్యాన్ చప్పుడు వినడంలాంటిది. ఇప్పుడు అసలు కిరణాల్నే కొలిచే ఉపగ్రహాలున్నాయి. అయినా ఉపగ్రహాలు ఎప్పుడు పడతాయో లెక్కగట్టే ప్రోగ్రాముల్లో బోలెడన్ని ఇంకా ఈ ఫ్యాన్ చప్పుడు మీదే నడుస్తున్నాయి. లెగసీ కోడ్ అనేది మన బ్యాంకుల్లోనే ఉంటుందనుకున్నారా :)

ఇలాంటి పరిస్థితిలో 2022 ఫిబ్రవరి 3న స్పేస్ఎక్స్ వాళ్ళు 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్ని పంపారు. వాటిని ముందు 210 కిలోమీటర్ల దగ్గర వదిలి, పనిచేస్తున్నాయని తేలాక పైకి ఎక్కించేవారు అప్పట్లో. మర్నాడే భూ అయస్కాంత తుఫాను తగిలింది. అదేమీ పెద్దది కాదు, అయిదు మెట్ల స్కేలు మీద మొట్టమొదటి మెట్టు. గాలి ఒరిపిడి అంతకుముందు ప్రయోగాలప్పటికంటే యాభై శాతం దాకా పెరిగింది. కాగితాన్ని గాలికి అంచు చూపించినట్టు వాటిని పక్కకి తిప్పి తట్టుకోవాలని చూశారు. 49లో 38 రాలిపోయాయి.

పేపర్లన్నీ "సౌర తుఫాను దెబ్బకి ఉపగ్రహాలు బూడిద" అని రాశాయి. నా అభిప్రాయం వేరు. మొదటి మెట్టు తుఫాను అనేది సూర్యుడు చురుగ్గా ఉన్న ఏళ్ళలో నెలకి ఎన్నోసార్లు వచ్చేది. వర్షాకాలంలో హైదరాబాదులో వాన పడటం లాంటిది. వానొస్తే మునిగిపోయే చోట పార్కింగ్ కట్టి, వానని తిట్టడం ఏం న్యాయం? ఆ మాటకొస్తే వాళ్ళు అంత తక్కువ ఎత్తులో వదలడానికి మంచి కారణమే ఉంది. చెడిపోయిన ఉపగ్రహం పైన చెత్తలా మిగిలిపోకుండా త్వరగా పడి కాలిపోతుంది. కాబట్టి అది తెలిసి చేసిన బేరం. బేరంలో సూర్యుడి వంతు తక్కువ వేశారు. అదృష్టం, దురదృష్టం అనే మాటలకి అక్కడ చోటు లేదు. మన దగ్గర కూడా ఏదైనా పడిపోతే "లోడ్ ఎక్కువైంది సార్" అంటాం చూడండి, అదే వరస.

ఇదంతా ఎవడో కోటీశ్వరుడి నష్టం, మనకేంటి అనుకోవద్దు. ఇప్పుడు పైన పనిచేస్తున్న ఉపగ్రహాలు పదివేలు దాటాయి. ఇక్కడ ఓ విచిత్రమైన విషయం చెప్పాలి. గాలి ఒరిపిడి తగిలితే ఉపగ్రహం నెమ్మదించదు, వేగం పెరుగుతుంది! ఎత్తు తగ్గుతుంది, కింద కక్ష్య చిన్నది, అక్కడ తిరగాల్సిన వేగం ఎక్కువ. బ్రేకు వేస్తే ముందుకి దూసుకుపోయే బండి అన్నమాట. కక్ష్య ఒక కిలోమీటరు కిందకి దిగితే, ఒక్కో చుట్టుకీ ఉండాల్సిన చోటుకంటే 9 కిలోమీటర్లకి పైగా ముందుంటుంది. ఇది నేను చెప్పడం కాదు, కెప్లర్ మూడో నియమం తీసి మీరే లెక్కేసుకోండి, 3 పై వస్తుంది.

2024 మే 10, 11 తేదీల్లో వచ్చిన తుఫాను అయిదో మెట్టు. 2003 అక్టోబరు తర్వాత అంతటిది అదే. లడఖ్‌లో హాన్లే దగ్గర ఆకాశం ఎర్రబడిన ఫోటోలు అందరూ చూసే ఉంటారు. అప్పుడు ఇస్రో వెల్లడించిన లెక్క ప్రకారం మామూలు రోజుల్లో రోజుకి 35, 40 మీటర్లు దిగే కార్టోశాట్ 2ఎఫ్ ఆ మే 11న 180 మీటర్లు దిగింది. పైపెచ్చు దిగింది 140 మీటర్లే కదా, ఓ అపార్టుమెంటు టవరంత. కానీ పై లెక్కలో వేస్తే చుట్టుకి కిలోమీటరున్నర దగ్గర, రోజుకి పదిహేను చుట్లు.. మర్నాటికి అది ఉంటుందనుకున్న చోటుకీ ఉన్న చోటుకీ 20 కిలోమీటర్ల తేడా. ఒక్క ఉపగ్రహానికి ఇది. ఆ రోజు వేల ఉపగ్రహాలు ఒకేసారి ఇలా జారాయి, వేల ఉపగ్రహాలు తమంతట తామే ఇంజన్లు వేసుకుని మళ్ళీ పైకెక్కాయి. ఎవరు ఎక్కడుంటారో ముందుగా చెప్పే పట్టికలన్నీ ఆ రెండు మూడు రోజులు చిత్తుకాగితాలే. ఆ గందరగోళంలో రెండు గుద్దుకోకపోవడం మన గొప్ప కాదు, ఆకాశం పెద్దది కాబట్టి.

గుద్దుకుంటే ఏమవుతుందో 2009లోనే చూశాం. ఫిబ్రవరి 10న ఇరిడియం 33, పాడైపోయిన రష్యా కాస్మోస్ 2251 ఒకదాన్నొకటి ఢీకొని రెండువేలకి పైగా ముక్కలయ్యాయి. ఆ ముక్కల్ని ఊడ్చేది ఎవరనుకున్నారు? మళ్ళీ సూర్యుడే. గాలి పొంగినప్పుడల్లా తక్కువ ఎత్తులో తిరిగే చెత్త రాలి కాలిపోతుంది. మన కార్పొరేషన్ వాళ్ళలా కాదు, పదకొండేళ్ళకోసారి కచ్చితంగా వస్తాడు. కానీ ఇందులోనూ మనం వేలు పెట్టాం. బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్ అంటేనే అందరికీ తెలుస్తుందేమో) నేల దగ్గర వేడిని పట్టి ఉంచుతుంది గానీ, పైపొరల్లో అదే వేడిని అంతరిక్షంలోకి వెదజల్లి చల్లబరుస్తుంది. చల్లబడ్డ గాలి కుంచించుకుపోతుంది. చెత్త ఇంకా ఎక్కువకాలం తిరుగుతుంది. కింద పెట్టిన పొగ పైన చీపురుని అరగదీస్తోంది.

ఇప్పటిదాకా చెప్పింది గాలి ఉన్న చోట. గాలే లేని చోట సూర్యుడు ఇంకో పని చేస్తాడు, వెలుతురుతో నెడతాడు. మళ్ళీ చాలా చిన్నది. ఎకరం అద్దాన్ని అంతరిక్షంలో సూర్యుడికి ఎదురుగా పరిస్తే దానిమీద పడే తోపుడు మూడున్నర గ్రాముల బరువుకి కాస్త ఎక్కువ. తులం బంగారంలో మూడో వంతు! ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఆ తోపుడు పొద్దున్నా సాయంత్రం లేకుండా, సెలవుల్లేకుండా పనిచేస్తుంది. 20 వేల కిలోమీటర్ల ఎత్తులో తిరిగే జీపీఎస్ ఉపగ్రహాల లెక్కలో దీన్ని వదిలేస్తే ఒక్కరోజులో వంద మీటర్లకి పైగా తప్పుతుంది. మీ క్యాబ్ డ్రైవరు పక్కవీధిలో ఆగి ఫోన్ చేస్తే అది మాత్రం సూర్యుడి తప్పు కాదు, ఆ లెక్క వాళ్ళు వేసే ఉంటారు.

మన ఇన్సాట్ 2 వరుస ఉపగ్రహాల బొమ్మలు ఎప్పుడైనా గమనించారా? సోలార్ ప్యానెల్స్ ఒకవైపే ఉంటాయి. రెండోవైపు పొడుగాటి కడ్డీ, దాని చివర బుట్టలాంటిది. వాతావరణ ఫోటోలు తీసే కెమెరాకి చల్లదనం కావాలి, దాని కూలర్ ఉత్తరం వైపు ఖాళీ ఆకాశాన్ని చూస్తూ ఉండాలి, అంచేత అటు ప్యానెల్ పెట్టడానికి లేదు. పెట్టకపోతే వెలుతురు ఒకవైపే నెట్టి ఉపగ్రహాన్ని తిప్పేస్తుంది. ఆ తోపుడికి బదులు తోపుడు ఇవ్వడానికే ఆ బుట్ట. తక్కెడలో పాసంగం అన్నమాట, కాకపోతే తూచేది ఎండని. దూరదర్శన్‌లో తుఫాను మబ్బుల బొమ్మలు చూసిన మనందరం ఆ బుట్టకి రుణపడి ఉన్నాం.

దీన్నే తిప్పి వాడుకున్న ఘనులు కెప్లర్ టెలిస్కోపు వాళ్ళు. దానికి గురి నిలపడానికి నాలుగు చక్రాలుండేవి, కనీసం మూడు కావాలి. 2012లో ఒకటి, 2013 మేలో రెండోది పోయాయి. మామూలుగా అయితే సంతాప సభ పెట్టాలి. వాళ్ళేం చేశారంటే, ఎండ రెండువైపులా సమానంగా పడేలా టెలిస్కోపుని ఓ కోణంలో నిలబెట్టి, ఆ వెలుతురు తోపుడునే మూడో చక్రంగా లెక్కేశారు. గోడకి ఆనుకుని నిలబడినట్టు. 2014లో మొదలైన ఆ ఏర్పాటు 2018లో ఇంధనం అయిపోయేదాకా నడిచింది. వర్క్‌అరౌండ్ అంటే అదండీ.

గ్రహశకలాల సంగతి ఇంకా బావుంటుంది. మన ఊళ్ళో ఎండ ఎప్పుడు మండుతుంది? సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు కాదు, రెండూ మూడింటికి. రోహిణి కార్తెలో తిరిగినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. తిరిగే రాయి ఏదైనా అంతే, దాని మధ్యాహ్నపు వైపు ఎక్కువ వేడిగా ఉండి, ఆ వేడిని బయటికి వదుల్తుంది. వదిలిన వేడి కూడా కాస్త వెనక్కి తంతుంది. తిరిగే దిశని బట్టి ఆ తన్ను రాయిని ముందుకో వెనక్కో నెడుతుంది. ఏళ్ళ తరబడి నెట్టీ నెట్టీ కక్ష్యనే మార్చేస్తుంది. దీన్ని కనిపెట్టింది యార్కోవ్‌స్కీ అని రష్యాలో పనిచేసిన ఓ సివిల్ ఇంజనీరు. ఉద్యోగం చేసుకుంటూ తీరిక వేళల్లో ఇలాంటివి ఆలోచించి, 1900 ప్రాంతంలో ఓ చిన్న పుస్తకం వేసుకున్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఎర్నెస్ట్ ఓపిక్ అనే ఆయన కుర్రతనంలో ఎప్పుడో చదివింది గుర్తుపెట్టుకుని 1951లో మళ్ళీ బయటికి తీశాడు. పేరుకి తగ్గ ఓపికే! 2003లో గోలెవ్కా అనే గ్రహశకలం మీద రాడార్ పెట్టి కొలిస్తే, పన్నెండేళ్ళలో అది 15 కిలోమీటర్లు పక్కకి జరిగిందని తేలింది. బెన్నూ అని అరకిలోమీటరు రాయి ఒకటుంది, దాని కక్ష్య ఏడాదికి దాదాపు 284 మీటర్లు లోపలికి జరుగుతోంది. అది 2182 సెప్టెంబరు 24న భూమిని తాకే అవకాశం 2700లో ఒక వంతు అని చెప్పగలిగారంటే, ఒక రాయి మధ్యాహ్నపు ఎండకి ఎంత వేడెక్కుతుందో కొలవగలిగారు కాబట్టే. గురుత్వాకర్షణ ఒక్కటే లెక్కేసినవాడికి ఆ తేదీ దొరికేది కాదు.

ఇవన్నీ చదివి భయపడమని కాదు. భయపెట్టడానికి వేరే జనం ఉన్నారు. రెండేళ్ళకోసారి వాట్సాప్‌లో "సౌర తుఫాను వస్తోంది, నెలల తరబడి ఇంటర్నెట్ ఉండదు, నాసా ప్రకటన" అని ఒకటి తిరుగుతుంది. అందులో సగం 2021లో కాలిఫోర్నియాలో ఒక పరిశోధకురాలు రాసిన నిజమైన పేపరుకి పట్టిన గతి. ఆమె రాసింది చాలా జాగ్రత్తైన మాట: గాజు తీగకి ఏమీ కాదు, సముద్రం అడుగున దాని పక్కనే రిపీటర్లకి కరెంటు మోసే లోహపు తీగకి ముప్పు, అది కూడా ధ్రువాలకి దగ్గరగా ఉన్న దారుల్లో ఎక్కువ, ఆసియా వైపు తక్కువ. వాట్సాప్‌కి వచ్చేసరికి "ఇంటర్నెట్ ప్రళయం" మిగిలింది. అలాగని అసలు ముప్పే లేదనేవాళ్ళతోనూ నాకు పేచీయే. 1989 మార్చి 13న కెనడాలో క్విబెక్ కరెంటు వ్యవస్థ మొత్తం నిమిషంన్నరలో కూలింది. అరవై లక్షల మంది తొమ్మిది గంటలు చీకట్లో ఉన్నారు. అది కట్టుకథ కాదు.

ఈ రెండు రకాల వాళ్ళకీ లేనిది ఒకటే, అంకెలు. ఏది ఎంతసేపట్లో వస్తుంది అన్న కనీసపు లెక్క. సౌర జ్వాల వెలుతురు ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్లలో వచ్చేస్తుంది. కనిపించిందంటే తగిలినట్టే, ముందస్తు హెచ్చరిక ఉండదు. సూర్యుడు విసిరేసే ప్లాస్మా ముద్దకి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. 1859లో వచ్చినది మాత్రం పద్దెనిమిది గంటల లోపే వచ్చింది. ముద్ద బయల్దేరడం మనకి కనిపిస్తుంది. కానీ దాని లోపలి అయస్కాంత క్షేత్రం ఉత్తరానికి ఉందా దక్షిణానికి ఉందా అన్నది దగ్గరికొచ్చేదాకా తెలీదు. దక్షిణానికి ఉంటేనే భూమి క్షేత్రంతో ముడిపడి తుఫాను రేపుతుంది. ఆ సంగతి నమ్మకంగా తెలిసేది భూమికి 15 లక్షల కిలోమీటర్ల ముందు, ఎల్1 అనే బిందువు దగ్గర కాపలా ఉన్నవాళ్ళకి. అక్కణ్ణించి ఇక్కడికి గంట, ఒక్కోసారి అరగంట. అంటే మూడు రోజుల ముందు "రావచ్చు", గంట ముందు "వచ్చింది". ఇంతకంటే మంచి హెచ్చరిక ప్రస్తుతానికి ఎవరి దగ్గరా లేదు.

ఆ కాపలా చోట ఇప్పుడు మన ఆదిత్య కూడా ఉంది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్ళి, 2024 జనవరి 6న అక్కడ కక్ష్యలో కుదురుకుంది. ఏడు పరికరాలు. ప్రయోగం రోజు మన చానెళ్ళు "సూర్యుడి మీదికి ఇస్రో" అని ఊదరగొట్టాయి. తర్వాత అది పంపిన దాని గురించి మాట్లాడినవాడు లేడు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. 1868 ఆగస్టు 18 గ్రహణానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ గుంటూరొచ్చి, మద్రాసు నుంచి పోగ్సన్ మచిలీపట్నమొచ్చి, సూర్యుడి అంచున లేచే మంటల వర్ణపటం చూశారు. హీలియం కథ మొదలైన చోట్లలో అవి రెండు. ఎన్ని తెలుగు పుస్తకాల్లో ఉంది ఆ ముక్క? స్కైలాబ్‌కి మేకలు కోసిన కథ అందరికీ వచ్చు. గుంటూరు కథ గుంటూరు వాళ్ళకే రాదు.

ఆదిత్య పంపిన డేటాని ఇస్రో అందరికీ తెరిచి పెట్టింది. బెంగుళూరు, హైదరాబాదుల్లో ఆదివారాలు కొత్త ఫ్రేమ్‌వర్కు నేర్చుకోవడానికి ధారపోసే మన కుర్రాళ్ళు ఒకటి రెండు వారాలు దీనిమీద పెట్టొచ్చు. పైథాన్ వస్తే చాలు, ఫైళ్ళు తెరుచుకుంటాయి. ఉపగ్రహాల కక్ష్యల వివరాలు కూడా ఉచితంగా దొరుకుతాయి. ఏదో ఒక తక్కువ ఎత్తు ఉపగ్రహాన్ని పట్టుకుని, దాని ఎత్తు గీతనీ ఎఫ్ 10.7 గీతనీ ఒకదాని కింద ఒకటి గీసి చూడండి. 2024 మే దగ్గర రెండూ ఏం చేశాయో చూస్తే నేను ఇంతసేపు వాగిందంతా ఒక్క బొమ్మలో కనిపిస్తుంది. రేపు మన దగ్గర్నుంచి కూడా చిన్న చిన్న కంపెనీలు ఉపగ్రహాలు పంపుతున్నాయి కదా, వాళ్ళ లెక్కల్లో సూర్యుణ్ణి స్థిరాంకంగా రాసేసే ఇంజనీరు మనలోంచే వెళ్తాడు మరి.

ఎఫ్ 10.7 విలువ 70 దగ్గర ఉంటే సూర్యుడు పడుకున్నట్టు, 200 దాటితే పైనున్నవాళ్ళకి పని పడినట్టు. కెనడాలో ఆ రోజు అంకెని అక్కడి మిట్టమధ్యాహ్నం కొలుస్తారు. మనకప్పుడు రాత్రి ఒంటిగంటన్నర. ప్రొడక్షన్ సపోర్టులో ఉన్నవాళ్ళు ఎలాగూ మేలుకునే ఉంటారు.